సరోజన ఇచ్చిన జవాబు

సాయంత్రం ఏడు కాగానే సరోజన మగ్గం ఆపి టీవీ వైపు తిరిగి కూర్చునేది. వరంగల్ కొత్తవాడలో జంపఖానాలు నేసే ఇల్లు అది. వెడల్పు జంపఖానాకు ఇద్దరు పక్కపక్కన కూర్చుని నేయాలి. ఒకరు లేస్తే రెండోవారి చేయీ ఆగుతుంది. ఆ అరగంట భర్త వెంకట్రాజం బీడీ ముట్టించి గొణిగేవాడు.

"అచ్చిండా నీ టీవీ అల్లుడు?"

"నీ లెక్క ఉలుకుపలుకు లేనోడు కాదు. పిల్ల కోసం ఎంత ఏడుస్తాండో సూడు."

ఆ సీరియల్ హీరో పని హీరోయిన్ వెంటపడటమే. ఆమె వద్దంటే గోడ దూకుతాడు. ఊరు మారితే ఆ ఊరొస్తాడు. ప్రతిరోజూ చివర్లో కెమెరాలోకి సూటిగా చూసి కళ్లనీళ్లతో అడుగుతాడు: "అమ్మా, మీరైనా చెప్పండి, నా ప్రాణం ఎక్కడ దాక్కుంది?"

"మేనత్త ఇంట్లున్నది బిడ్డా, జల్ది పో" అనేది సరోజన.

కూతురు వినోద హన్మకొండలో మందుల దుకాణంలో పనిచేసేది. రమాకాంత్ అనేవాడు తలనొప్పి గోలీల కోసమని రోజూ వచ్చేవాడు. తర్వాత బస్టాపు దాకా, ఆ తర్వాత ఇంటి సందు దాకా వచ్చాడు. వినోద వద్దంది, తిట్టింది, ఫోన్ నంబర్ మార్చింది. చివరికి కాజీపేటలో వేరే దుకాణంలో చేరి తల్లికి ఒక్కటే మాట చెప్పింది: "దుకాణం పేరు ఎవలడిగినా చెప్పకే."

వారం తిరగకముందే రమాకాంత్ గుమ్మంలో కూలబడ్డాడు. "అమ్మా, మీరైనా చెప్పండి" అన్నాడు. ఆ మాట వాడెక్కడ నేర్చాడో వేరే చెప్పాలా? సరోజన మంచినీళ్లిచ్చి, దుకాణం పేరు చెప్పింది.

ఆ సాయంత్రమే వాడు దుకాణంలోకి చొరబడి వినోద చేయి పట్టి లాగాడు. అద్దాల అర పగిలి ఆమె మోచేయి తెగింది. జనం వాడిని పోలీసులకు అప్పగించారు. యజమాని మాత్రం "ఇసొంటి లొల్లి మాకద్దు" అని వినోదనే పనిలోంచి తీసేశాడు.

కుట్లు వేయించుకుని వచ్చిన వినోద తల్లి ముందు నిలబడింది.

"ఎవలు చెప్పిండ్రే వానికి?"

"ఏడ్చిండు బిడ్డా. నిజంగ ప్రేమే అనుకున్న."

"వాడు ఒక్కపూట ఏడిస్తే కనబడ్డది. నేను ఆర్నెల్ల సంది ఏడుస్తాన్న. నేను గూడ టీవీల కనబడాల్నా నీకు?"



మర్నాడు హీరో మళ్లీ "అమ్మా" అన్నాడు. సరోజన దిగ్గున లేచింది. "నీ నోట్ల మన్నువడ! ఆ పిల్ల వద్దన్నది ఇనవడలేదారా నీకు?" అని అరుస్తూ తీగ పీకేసింది.

వాడకట్టంతా సరోజననే తిట్టింది. తప్పు ఆమెదే, కాదనను. కానీ పగవాడి పనికి ప్రేమని పేరుపెట్టి, మధ్యలో సబ్బులమ్ముకుని, రోజూ ఇంట్లోకొచ్చి అమ్మా అని పిలిచినవాళ్లను ఒక్కరూ ఒక్క మాట అనలేదు. వాళ్లకు ఏ ఇంట్లో ఏం పగిలిందో తెలియదు, తెలుసుకోరు కూడా.

వినోద ఇప్పుడు హాస్టల్‌లో ఉంటోంది. ఆదివారం వచ్చి తండ్రితో కాసేపు మాట్లాడి పోతుంది. ఆమె ఎక్కడ పనిచేస్తుందో సరోజనకు తెలియదు.