కారుకు బోరు వైరింగ్

మా నాయనకు కరెంటు అంటే బోరు కరెంటే. రేణిగుంట అవతల మా మామిడితోటలో బోరు షెడ్డు ఉండేది. అందులో ప్రతి వైరూ ఆయన చేత్తో లాగిందే. ఆ వైర్లు కూడా ఊరుకోలేదు, ఆయన్ని రెండు మూడుసార్లు అటు గోడకు విసిరికొట్టాయి. ఆ దెబ్బలతో ఆయనకు అబ్బిన శాస్త్రం రెండే ముక్కలు: ఇనుముకు కరెంటు తగలకూడదు, కరెంటు భూమిలోకి దిగే ఎర్త్ గుంతలో తేమ ఆరకూడదు. మోటారు మొరాయిస్తే మిగతా సంగతులు తర్వాత, ముందు ఎర్త్ గుంతలో రెండు బిందెల నీళ్ళు పడాల్సిందే. చాలాసార్లు మోటారు తిరిగేది కూడా. అదే మా కొంప ముంచింది.

తొంభైల్లో మాకొక పాత అంబాసిడర్ ఉండేది. వయసులో నాయనకన్నా కాస్త చిన్నది, మొండితనంలో సరిసమానం. ఎండాకాలం వస్తే ఇంజను వేడికి, దాన్ని అంటుకునే ఉన్న పెట్రోలు పంపు కాగిపోయేది. పెట్రోలు ఆవిరై కారు నడిరోడ్డు మీద నిలబడిపోయేది. నాయన దిగి పంపు మీద తడిగుడ్డ వేసేవాడు. అమ్మా నేనూ దిగి నీడ వెతుక్కునేవాళ్ళం. తిరుపతి నుంచి చిత్తూరు దాకా ఏ చింతచెట్టు కింద ఎంత నీడ ఉంటుందో మా అమ్మ కళ్ళు మూసుకుని చెప్పేది.

ఆ వేసవిలో చిత్తూరులో మా మేనమామ ఇల్లు కట్టాడు. గృహప్రవేశంలో పాలు పొంగించాల్సింది ఇంటి ఆడపడుచు, అంటే మా అమ్మ. ముహూర్తం పొద్దున పదిలోపల. బస్సులో పోదామంది అమ్మ. ఇంట్లో కారు పెట్టుకుని బస్సెక్కితే నలుగురూ నవ్వుతారన్నాడు నాయన. అమ్మ పొయ్యి దగ్గర నుంచి లేవకుండానే తీర్పు చెప్పింది.

"సరే, కార్లోనే పోదాం. అది దోవలో నిలబడి నాకు ముహూర్తం తప్పిందనుకో, తిరిగొచ్చినాక పాత సామాన్లోడికి అమ్మేయాల. మళ్ళా మాట్లాడేది లేదు."

నాయన ముఖం చూసి నాకు జాలేసింది. ఆయనకు ఆ కారంటే ప్రాణం. మమ్మల్ని పేరు పెట్టి పిలవడం మర్చిపోయేవాడు గానీ దాని నెంబరు మర్చిపోయేవాడు కాదు.

మర్నాడే తెలిసిన మెకానిక్కు ఒక ఉపాయం చెప్పాడు. ఇంజను దగ్గరి పంపును వదిలేసి, బ్యాటరీతో నడిచే చిన్న పంపును వెనక డిక్కీలో ట్యాంకు పక్కన పెట్టుకోవాలి. అక్కడికి ఇంజను వేడి రాదు. "ఎర్ర వైరు బ్యాటరీ నుంచి స్విచ్చి మీదుగా తెచ్చుకో. నల్ల వైరు కారు బాడీకి బిగించేయప్పా, బ్యాటరీ రెండో కొస ఆడనే ఉండాది, అంతే" అన్నాడు.

నాయన పంపైతే కొన్నాడు గానీ మెకానిక్కును వాకిట్లోకి రానివ్వలేదు. బోరు వైరింగ్ చేసిన చేతికి ఇదొక లెక్కా?

"నల్ల వైరు బాడీకంట కదా నాయనా" అన్నాను. డిగ్రీలో ఫిజిక్సు చదువుతున్నానన్న పొగరు నాది.

"మీయమ్మ కూర్చునే ఇనుముకు కరెంటిమ్మంటావా పాపా? పట్టుచీర కట్టుకోనొస్తాది. ఏమన్నా అయితే మీ మామకు నేనేం సెప్పేది?"

ఫిజిక్సును పక్కన పెట్టి నేను చెక్క తెచ్చిచ్చాను. ఆయన పంపు కింద చెక్క పెట్టాడు, చెక్క కింద సైకిలు ట్యూబు ముక్క పెట్టాడు. నల్ల వైరును మా చచ్చిపోయిన కుక్క గొలుసుకు చుట్టి, డిక్కీ అడుగున ఉన్న బొక్కకు కూడా ట్యూబు ముక్క తొడిగి, అందులోంచి నేలకు తగిలేటట్టు వేలాడదీశాడు. పెట్రోలు ట్యాంకర్లకు గొలుసు వేలాడదా, వాళ్ళేమన్నా పిచ్చోళ్ళా అని నన్నే ఎదురడిగాడు.

స్విచ్చి వేస్తే పంపు ఉలకలేదు, పలకలేదు. నాయన ఏమీ కంగారుపడలేదు. బిందెడు నీళ్ళు తెచ్చి గొలుసు కొస దగ్గర పోశాడు. ఇంకో బిందె పోశాడు. గొలుసును కాలితో బురదలోకి తొక్కాడు. చివరికి కారును కాస్త మంచి నేల మీదికి జరుపుదామని ఇద్దరం నెట్టాం. ఆ కుదుపుకు గొలుసు ఎగిరి వెనక బంపరు మూలన ఇరుక్కుంది. పంపు టకటకమని కొట్టుకోవడం మొదలుపెట్టింది.

"ఇప్పుడు దిగినాయి నీళ్ళు" అన్నాడు నాయన తృప్తిగా. నా ఫిజిక్సు కూడా నీళ్ళవైపే చూస్తూ ఉండిపోయింది.

ముహూర్తం రోజు ఎర్త్ కోసం రెండు బిందెల నీళ్ళు కూడా వేసుకుని బయలుదేరాం. చంద్రగిరి దాటేదాకా కారు పెళ్ళికొడుకులా నడిచింది. గాదంకి దగ్గర స్పీడ్ బ్రేకరు ఎక్కి దిగేసరికి గొలుసు జారిపోయింది. కారు కాస్త దూరం దగ్గుతూ పోయి ఆగింది.

నాయన బిందె దించి నీళ్ళు పోయడం మొదలుపెట్టాడు. టీ బంకు దగ్గరున్న ఒక పెద్దాయన వచ్చి కాసేపు చూశాడు.

"ఏమప్పా, తారు రోడ్డుకు నీళ్ళు కడతా ఉండావే, ఏం పంట పెడతావు?"

"ఎర్తు అందలేదబ్బా."

పెద్దాయన ముఖం మారిపోయింది. ఆయనా బోరున్న మనిషే. "ఈడంతా రాతినేల, అంత తొందరగా దిగవు. ఉండు" అని బంకులోంచి బకెట్టు తెచ్చి తానూ పోశాడు. ఇద్దరూ కలిసి రోడ్డును బాగానే తడిపారు.

అమ్మ దిగింది. ఎండ ఎక్కుతోంది. "ఒక్కగానొక్క తమ్ముడు. నేను పొంగించాల్సిన పాలు ఇంకెవరో పొంగిస్తారు" అంది. తిడుతుందనుకున్నాను గానీ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. నాయన నీళ్ళు పోస్తూనే ఉన్నాడు. బురద నీళ్ళు ఆమె చీర అంచుదాకా పారివస్తున్నాయి. అమ్మకు ఒళ్ళు మండి, కాళ్ళకు అడ్డంపడుతున్న గొలుసును ఎత్తి బంపరు మీద పడేసింది.

పంపు టకటకమంది. అమ్మ గొలుసు ఎత్తింది. ఆగిపోయింది. మళ్ళీ ఆనించింది. టకటకమంది. నాయన బిందెతో, పెద్దాయన బకెట్టుతో, నేను ఫిజిక్సుతో నిలబడి చూశాం. అమ్మ గొలుసును బంపరుకు చుట్టి, గాజులకున్న పిన్నీసు తీసి బిగించి, ఎక్కి కూర్చుంది.

నాయన బండి తీయకుండా వెనక్కి తిరిగాడు. "కరెంటు కొడతా ఉండాదా మే?"

"కొట్టలే. పోనియ్."

పురోహితుడు మూడోసారి కేకేస్తుండగా అమ్మ చేతులు కడుక్కుని పొయ్యి ముందుకు చేరింది. పాలు పొంగాయి.

భోజనాల దగ్గర మామ పంక్తిలో అందరూ వినేటట్టు అందుకున్నాడు. "ఏం బావా, ఈ తూరి యాడ నిలబెట్టినావు? అక్క కారును పాత సామాన్లోడికిస్తానన్నదంట కదా." చుట్టాలంతా నవ్వడానికి సిద్ధంగా ఉన్నారు. నాయన విస్తట్లో అన్నం కలుపుతూనే ఉన్నాడు, ముద్ద ఎత్తలేదు.

వడ్డిస్తున్న అమ్మ చెయ్యి ఆగలేదు. "యాడా నిలబడలా. మీ బావ వైరింగ్ చేసినాడు. ఇంగ దాన్ని ఎందుకమ్మేది?" అని, అడక్కుండానే నాయన విస్తట్లో రెండు గరిటెల పాయసం వేసింది.

పాయసం అంటే ముఖం తిప్పుకునే మనిషి ఆయన. ఆరోజు తల వంచుకుని చుక్క మిగల్చకుండా తిన్నాడు.