పేజీ బాబాయ్ వాకబు

మా వీధి పుస్తకాల కొట్టు యజమానికి లోకంలో ఇంకే దురలవాటూ లేదు. సిగరెట్టు కాల్చడు, పేకాడడు, చేబదులు అడగడు. ఆయన అడిగేది ఒక్కటే: "ఎన్నో పేజీ?" తన కొట్లో పుస్తకం కొన్న మనిషి ఏ పేజీలో ఉన్నాడో తెలిస్తే గానీ ఆయనకి ముద్ద దిగేది కాదు. ఎదురుగా అందరూ ఆయన్ని బాబాయ్ అనేవాళ్లు. వెనకాల పేజీ బాబాయ్.

అడగడానికి ఆయన వేళాపాళా చూసుకునేవాడు కాదు. బస్సు కదిలిపోతుంటే కిటికీ పక్కన పరుగెత్తుతూ అడిగేవాడు. బ్యాంకులో వరసలో ముందున్నవాళ్ల తలల మీదుగా అడిగేవాడు. ఒకసారి పళ్లు శుభ్రం చేయించుకోవడానికి పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లాడు. ఆ డాక్టరు అంతకుముందే ఈయన దగ్గర దిండంత యుద్ధ చరిత్ర ఒకటి కొని, అట్ట మీద బొమ్మ తప్ప ఇంకేమీ చూడలేదు. బాబాయ్ కుర్చీలో కూచోగానే డాక్టరు గబగబా వచ్చి చిగుళ్లకి మత్తు సూది గుచ్చేశాడు.

"శుభ్రం చెయ్యడానికి మత్తెందుకు సార్?" అంది నర్సు.

"ఈయనకి అవసరం" అన్నాడు డాక్టరు.

నోరు మొద్దుబారిన బాబాయ్ చెయ్యెత్తి, గాల్లో పేజీ తిప్పి, కనుబొమలు ఎగరేశాడు. డాక్టరు దీపాన్ని ఆయన కళ్లలోకి తిప్పేశాడు.

అందరికన్నా ఎక్కువ నలిగినవాడు మా లాయరు. కోర్టులో ఎంతమంది సాక్షుల్ని తికమకపెట్టాడో లెక్క లేదు. అలాంటివాడు ఒకరోజు బస్టాపులో బాబాయికి దొరికిపోయాడు.

"ఎన్నో పేజీ లాయరు గారూ?"

"నూట ఇరవై దాటాను బాబాయ్."

"అయితే ఆ అక్క పోయిందన్నమాట."

"పోయింది బాబాయ్. మనసంతా అదోలా అయిపోయింది. రాత్రి అన్నం కూడా తినబుద్ధి కాలేదు."

"ఆ పుస్తకంలో అక్కే లేదండీ. ముగ్గురూ అన్నదమ్ములే."

ఆ రోజునుంచీ లాయరు కోర్టుకి చుట్టుదారిన వెళ్లడం మొదలుపెట్టాడు. అడిగేవాడికి చెప్పేవాడు లోకువ అని పెద్దలు అన్నది బహుశా ఇలాంటివాళ్లని చూసే.

పుస్తకం మాకు కాదు, పెళ్లికి బహుమతిగా ఇవ్వడానికి అని తప్పించుకోబోయినవాళ్లూ ఉన్నారు. బాబాయ్ ఆ మాటకి ఇంకా సంబరపడిపోయేవాడు. "అబ్బాయి చదువుతాడా, అమ్మాయి చదువుతుందా? కాపురం ఎక్కడ పెడుతున్నారు? ఇంటి గుర్తులు చెప్పండి" అనేవాడు. వాళ్లు పుస్తకం అక్కడే వదిలేసి గోడ గడియారం కొనుక్కునేవాళ్లు.

"ఎందుకు బాబాయ్ జనాన్ని ఇలా వేపుకు తింటారు?" అని నేనోసారి అడిగాను.

"దర్జీ చొక్కా కుట్టిచ్చి, సరిపోయిందా అని అడగడూ? డాక్టరు మాత్రలిచ్చి, జ్వరం తగ్గిందా అని అడగడూ? అమ్మినవాణ్ణి, నేనడిగితే వేపుకు తినడమా?"

"దర్జీ బస్సు వెనక పరుగెత్తడు కదా."

"అందుకే ఊళ్లో ఒక్క చొక్కా సరిగ్గా ఉండదు" అన్నాడు.

నవ్వుకోవడానికి బాగానే ఉండేది. కొట్టుకే బాగుండేది కాదు. జనం ఫోన్లలో పుస్తకాలు తెప్పించుకునే రోజులొచ్చాయి. లోపలికొచ్చి, నచ్చిన పుస్తకం అట్టని ఫోటో తీసుకుని, మెట్లు దిగుతూనే ఆర్డరు పెట్టేవాళ్లు. బాబాయ్ కొనే ధరకన్నా తక్కువకి ఆ కంపెనీ ఇంటికి తెచ్చిచ్చేది. ఆ దెబ్బ అన్ని కొట్లకీ తగిలింది. మా బాబాయ్ కొట్టుకి పైగా ఇంకో దెబ్బ. లాయరే నాతో అన్నాడు: "ధర సంగతి వదిలెయ్యండి సార్. ఆ కంపెనీవాడు డబ్బా గుమ్మంలో పడేసి పోతాడు. చదివావా చచ్చావా అని అడగడు. ఆ సుఖం ఎక్కడొస్తుంది?"

కొట్టు బరువంతా మోసేది బాబాయ్ చెల్లెలు. గల్లా దగ్గర కూచునేది, పబ్లిషర్లతో మాట్లాడేది, పోటీ పరీక్షల గైడ్లు తెప్పించి అద్దెకి సరిపడా అమ్మేది ఆవిడే. పక్కనున్న కళ్లజోళ్ల షాపు కుర్రాడు గోడ కొట్టేసి తన షాపు పెంచుకుంటానని ఎప్పటినుంచో అడుగుతున్నాడు. ఇంటి ఓనరుకీ అదే ఇష్టం. ఒక సాయంత్రం నేనుండగానే ఆవిడ అన్నగారిని నిలదీసింది.

"అన్నయ్యా, ఈ ఏడాది ఇలాగే నడిస్తే గోడ తీసేసుకోమని చెప్పేస్తాను. మొత్తం గదీ తీసుకోమంటాను."

"పుస్తకాలు?"

"వెనక్కి తీసుకునేవాళ్లకి వెనక్కి. మిగిలినవి తూకానికి."

బాబాయ్ ముఖం పాలిపోయింది. "ఏం చెయ్యమంటావు మరి?"

"ఏమీ చెయ్యొద్దు. నోరు మూసుకో, చాలు. ఊరుకున్నంత ఉత్తమం లేదు, బోడిగుండంత సుఖం లేదని ఊరికే అన్నారా? రెండోది నీకు దేవుడే ఇచ్చేశాడు. మొదటిదైనా నువ్వు సంపాదించుకో."

బాబాయ్ బట్టతల తడుముకుని, ఇకమీదట ఎవర్నీ అడగనని మాటిచ్చాడు.

మాట నిలబెట్టుకోవడానికి ఆయన పడిన పాట్లు చూడాలి. ఎవరైనా పాత కస్టమరు మెట్లెక్కితే చాలు, వెళ్లి గైడ్ల బీరువా వెనక నిలబడేవాడు. అక్కణ్ణుంచి పెద్ద నిట్టూర్పు వినిపించేది. తర్వాత దగ్గు.

"ఆ దగ్గు కూడా అడుగుతున్నట్టే ఉంది అన్నయ్యా. మానెయ్."

దగ్గు కూడా ఆగిపోయింది.

నిజం చెప్పాలి కాబట్టి చెబుతున్నాను: గిరాకీ పెరిగింది. బాబాయ్ నోరు మూసుకున్నాడన్న వార్త ఊరంతా పాకింది. పళ్ల డాక్టరు వచ్చాడు. లాయరు వచ్చి, ఒకటికి మూడు లావుపాటి పుస్తకాలు కొని, దర్జాగా బస్టాపు మీదుగానే నడిచి వెళ్లాడు. అవి అతని గాజు బీరువాలోకి చేరాయి. అక్కణ్ణుంచి కదిలినట్టు నేనైతే చూడలేదు. చెల్లెలి ముఖంలో కాస్త కళ వచ్చింది. బాబాయ్ మాత్రం చిక్కిపోయాడు.

తర్వాత మధ్యాహ్నాలు ఆయన గొడుగు పట్టుకుని ఎటో మాయమవడం మొదలుపెట్టాడు. చెల్లెలికి అనుమానం వచ్చింది.

"ఎవర్నో చాటుగా అడగడానికే పోతున్నాడు. పుట్టుకతో వచ్చిన బుద్ధి ఎక్కడికి పోతుంది? రండి సార్, మీరు పేపరువాళ్లు, సాక్ష్యానికి పనికొస్తారు" అని షట్టరు సగం దించి నన్ను బయల్దేరదీసింది.

మేం వెనకాలే వెళ్లాం. ముందు గొడుగు, వెనక మేమిద్దరం. సందులో చివరి ఇంటి ముందు గొడుగు ముడుచుకుంది. ఆ ఇంట్లో ఉండేది రైళ్లలో గార్డుగా పనిచేసి రిటైరైన పెద్దాయన. భార్య పోయినప్పటినుంచీ ఆయన గడప దాటడం ఎవరూ చూడలేదు. మేం కిటికీ పక్కన గోడకి ఆనుకుని నిలబడ్డాం.

"ఎన్నో పేజీ గార్డు గారూ?" బాబాయ్ గొంతు.

"చూశారా!" అంది చెల్లెలు నాతో, పళ్లు నూరుతూ.

"పదకొండు" అన్నాడు గార్డు.

నాకు నవ్వొచ్చింది. పదకొండు అన్న మనిషికి ఇవాళ మూడింది అనుకున్నాను. కానీ బాబాయ్, "పదకొండా? మంచి పేజీ. తొందరేం లేదు, నిదానంగా కానివ్వండి" అన్నాడు.

"ఆవిడ పోయినప్పుడు ఎక్కడుందో అక్కడే ఉంది బాబాయ్. ఆవిడ పెట్టిన కాగితం ముక్క కూడా అలాగే ఉంది."

"ఉండనివ్వండి. రేపొచ్చి మళ్లీ అడుగుతాను. ఆ పుస్తకం ఆవిడకి అమ్మింది నేను. నాకు తెలియాలి కదా."

తర్వాత గార్డు గొంతు మారింది. "ఒక మాట అడగనా? ఊళ్లో ఇప్పుడు ఎవర్నీ అడగడం లేదటగా మీరు. పాలతను చెప్పాడు. మరి నా ఒక్కడింటికే ఎందుకొస్తున్నారు?"

"ఎవరు చెప్పారు? అంతా అబద్ధం. పొద్దున్నే లాయరు గారిని... బస్టాపులో..." బాబాయ్ తడబడ్డాడు. అబద్ధం చెప్పడం ఆయనకి చేతకాదు. బయట ఉన్న మాకే తెలిసిపోతోంది, ఎదురుగా ఉన్న మనిషికి తెలియదా? లోపల కుర్చీ జరిగిన చప్పుడైంది.

"జాలి పడి వస్తున్నట్టయితే రానక్కర్లేదు బాబాయ్. నేను బాగానే ఉన్నాను."

నా పక్కన చెల్లెలు లేదు. కిటికీలోంచి చూసేసరికి లోపలుంది.

"ఇక్కడా దాపురించావా అన్నయ్యా!" అని కేకలేస్తోంది. "పొద్దున లాయరు గారిని ఏడిపించావు, ఆ పళ్ల డాక్టరు మన వీధి మొహమే చూడనంటున్నాడు, ఇప్పుడు పాపం ఈ పెద్దాయన మీద పడ్డావా? ఏమండీ గార్డు గారూ, మీరైనా గట్టిగా పెట్టండి ఈయనకి గడ్డి! మా కొట్టు మూయించేదాకా నిద్రపోయేట్టు లేడు."

గార్డు ఆవిడ వంక, బాబాయ్ వంక మార్చి మార్చి చూశాడు. బాబాయ్ గొడుగు కర్ర గట్టిగా పట్టుకుని తల వంచుకున్నాడు. దొంగ దొరికినట్టు సరిగ్గా కుదిరింది ఆ వాలకం.

"పోనీలేమ్మా" అన్నాడు గార్డు చివరికి. "ఆయన అలవాటది. కొన్నాళ్లు రాకపోతే నేనూ గడ్డం గీసుకోవడం మానేశాను. అడిగితే అడగనీ. రేపు కాస్త తొందరగా రమ్మను, ఈ ఎండలో పడి రాకుండా."

తిరిగొచ్చేటప్పుడు సందు మలుపు దగ్గర చెల్లెలు అడిగింది.

"ఇంకెంతమంది ఉన్నారు అన్నయ్యా ఇలాంటివాళ్లు?"

"ఉన్నారు. కాలు విరిగి మంచంలో ఉన్న కుట్టుమిషను అక్కయ్య. చూపు తగ్గిన సైన్సు మాస్టారు. ఇంకా కొందరు."

"వాళ్లనే అడిగితే సరిపోయేదిగా? ఊరందరి మీదా పడ్డం ఎందుకు?"

బాబాయ్ ఆగాడు. "ఊరందరినీ పీడిస్తుంటే, అబ్బా వీడొచ్చాడురా అని వాళ్లూ విసుక్కుంటారు. విసుక్కుంటూనే తలుపు తీస్తారు. వాళ్లింటికి మాత్రమే వెళ్లాననుకో, పరామర్శకొచ్చానని తెలిసిపోతుంది. పరామర్శకి ఎన్నిసార్లని తలుపు తీస్తారమ్మా మనుషులు?"

చెల్లెలు కొంగుతో ముఖం తుడుచుకుంది. ఎండ బాగానే ఉంది మరి.

"అంటే లాయరు గారిని కూడా వీళ్ల కోసమే అన్నమాట" అన్నాను.

"ఆయన్నా?" అన్నాడు బాబాయ్. "లేదు లేదు. ఆయన్ని సరదాకి."

ఆ వారమే బాబాయ్ మళ్లీ బస్టాపులో కనిపించాడు, కదిలే బస్సుల వెనక పరుగెడుతూ. అడగమన్నది చెల్లెలే. ఇలాంటి చోట, జనం మనసు మారి అందరూ కొట్టుకి తిరిగొచ్చారని రాస్తే బాగుంటుంది. ఎవరూ రాలేదు. లాయరు ఫోన్‌లో తెప్పించుకోవడం మొదలుపెట్టాడు. డాక్టరు అసలు కొనడమే మానేశాడు. మరుసటి వేసవికి గోడ పగలగొట్టారు. గది మొత్తం పోకుండా, సగానికి ఒప్పించగలిగింది చెల్లెలు. అడ్డంగా కొత్త చెక్క గోడ లేచింది. నవలల బీరువాలుండే చోట ఇప్పుడు అద్దాలూ ఫ్రేములూ మెరుస్తున్నాయి. వెనక్కి తీసుకునేవాళ్లు తీసుకోగా మిగిలిన పుస్తకాలు తూకానికి పోయిన రోజు నేనక్కడే ఉన్నాను. గోనెసంచుల్లో కూరుతుంటే బాబాయ్ ఒక్కో పుస్తకం చేతిలోకి తీసుకుని, కొంచెం చదివి, సంచిలో పెట్టాడు. తూకంవాడు విసుక్కోకుండా ఆగాడు. అంత మంచి కొట్టు మా ఊళ్లో ఇంకోటి లేదు, ఇక రాదు. ఆ సంగతి తెలిసిన చాలామందికి కొనాల్సిన రోజుల్లో తీరిక లేకపోయింది.

సగం కొట్టు మాత్రం తెరిచే ఉంటుంది. ముందు గైడ్లు, వెనక ఒకే ఒక్క బీరువా కథలూ నవలలూ. మొన్నొక సాయంత్రం నేను అక్కడ పత్రికలు తిరగేస్తుంటే, మెట్ల మీద గార్డు గారు కనిపించారు. శుభ్రంగా గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, చంకలో పుస్తకంతో. ఆయన్ని బజార్లో చూడటం ఎన్నేళ్ల తర్వాతో. బాబాయ్ లేచి నిలబడి, అడగడం కూడా మర్చిపోయాడు.

"పన్నెండో పేజీ చదివాను బాబాయ్" అన్నాడు గార్డు. "ఏం బాగాలేదు. పదకొండు దాకా మా ఆవిడ ఎలా ఓర్చుకుందో గానీ, నా వల్ల కాదు. వేరే పుస్తకం ఇవ్వండి."

"బాగాలేదా?" బాబాయ్ గొంతు లేచింది. "ఒక్క పేజీ చూసి తీర్పు చెప్పేస్తారా? ఇరవయ్యో పేజీకి వెళ్లండి, అసలు కథ అక్కడుంది!"

"అసలు కథ ఇరవైలో ఉంటే ముందే రాయొచ్చుగా! ఆ పందొమ్మిదీ ఎవరికోసం?"

"మీ బళ్లు టయానికి నడిచాయా ఎప్పుడైనా? పుస్తకం మాత్రం టయానికి నడవాలా?"

ఇద్దరూ బల్ల గుద్దుకుంటున్నారు. చెక్క గోడ పైనుంచి కళ్లజోళ్ల కుర్రాడు తల పెట్టి, కంగారుగా చూశాడు.

"ఏంటక్కా గొడవ? పిలవమంటారా ఎవర్నైనా?"

"గొడవేం లేదు బాబూ" అంది చెల్లెలు, వెనక బీరువాలోంచి ఒక నవల తీసి దుమ్ము దులుపుతూ. "గిరాకీ వచ్చింది."