వన్స్‌మోర్ దెయ్యం

నా చిన్నప్పుడు తిరువూరులో మా వీధి చివర పాత కచేరీ హాలు ఒకటి ఉండేది. పాటకచేరీలకని కట్టినా అందులో పద్యనాటకాలే ఎక్కువ ఆడేవారు. నచ్చిన పద్యానికి జనం వన్స్‌మోర్ కొట్టారంటే నటుడు మళ్లీ పాడాల్సిందే. గొంతు బొంగురుపోయినా వదిలేవారు కాదు, అంత మొండి జనం.

మా పెదనాన్న ఆ నాటకాలకు హార్మోనియం వాయించేవాడు. సాయంత్రాలు నాకూ, నేను అక్కా అని పిలిచే ఆయన కూతురికీ పాట నేర్పేవాడు. నాకు మా నాన్న కంటే ఆయన దగ్గరే చనువెక్కువ. ఒకసారి నాటకానికి ముందు ప్రార్థన పాడే పిల్ల కావాలని, నాటకం ఆడించే కాంట్రాక్టరు ఇంటికొచ్చి, మా ఇద్దరిచేతా పాడించి, నన్ను ఖాయం చేసి వెళ్లాడు. ఇక నా కాలు నేల మీద నిలిస్తే ఒట్టు. అమ్మ కొత్త పరికిణీకి గుడ్డ కూడా తెచ్చింది.

మర్నాడు పెదనాన్న నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, చేతిలో మామిడితాండ్ర పెట్టి, హాలు సంగతి చెప్పాడు. వెనకటికి ఒక నటుడు వన్స్‌మోర్‌ల మీద వన్స్‌మోర్‌లు పాడి పాడి, పద్యం సగంలో ఉండగా స్టేజీ మీదే ప్రాణం వదిలాడట. మిగతా సగం పాడుకోవడానికి మంచి గొంతు కోసం అక్కడే తిరుగుతున్నాడట. చెబుతున్నంతసేపూ నా తల నిమురుతూనే ఉన్నాడు.

"నీలాంటి గొంతంటే వాడికి ప్రాణం తల్లీ. తీసుకున్నాడంటే ఇక మాట కూడా రాదు. నీ ఇష్టం, నేను వద్దననులే," అన్నాడు.

ఇంకేం పాడతాను? భయంతో జ్వరం తెచ్చుకుని, పాడనంటే పాడనని కూర్చున్నాను. వీధిలో పిల్లలందరికీ ఆ కథ చెప్పాను.

నాటకం నాడు నా బదులు అక్క పాడింది. హార్మోనియం పెదనాన్నే. నేను కింద కూర్చుని, అక్క గొంతు పోకూడదని దేవుళ్లందరికీ మొక్కుకున్నాను. నా వెర్రి కాకపోతే ఏమిటి! ప్రార్థన అయ్యాక పరిగెత్తుకెళ్లి, భయమెయ్యలేదా అని అడిగాను.

"భయమెందుకే? అక్కడెవరూ చావలేదంట. నాన్న నాకు ముందే చెప్పాడు," అంది అక్క.

ఆవిడకు అందులో దాచాల్సిందేమీ కనిపించలేదు, పాపం. స్టేజీ మీంచి పెదనాన్న నన్ను చూసి నవ్వాడు, రోజూ నవ్వినట్టే. నేను ఇంటికి పరిగెత్తుకొచ్చి ఏడ్చాను. కొట్టినా అంత ఏడ్చేదాన్ని కాదు. అక్కను పాడనివ్వమ్మా అని ఒక్కమాట అడిగితే సంతోషంగా ఇచ్చేసేదాన్ని. ఆయనంటే నాకు అంత పిచ్చి. ఆ మాట ఆయనకు తెలియకనా?

ఇప్పుడు ఆ హాలు లేదు, దుకాణాలొచ్చాయి. దెయ్యం మాత్రం ఉంది. మొన్న ఆటో అబ్బాయి ఆ నటుడి ఊరు పెనుగొలనని, పేరుతో సహా నాకే చెప్పాడు. నేను కాదనలేదు.

నేను మళ్లీ ఏ స్టేజీ ఎక్కలేదు. వంటింట్లో పాడుకుంటాను. గుమ్మంలోంచి విని ఎవరైనా "మీ గొంతు ఎంత బాగుందండీ" అంటే ఇప్పటికీ సంతోషం కలగదు. నా దగ్గర ఏం తీసుకుపోవడానికి వచ్చారా అని చూస్తాను.