రెండో గరిటె

1987 సెప్టెంబరు 14, సోమవారం. తూకం రోజు. హాజరు: పిల్లలు ఇరవై ఆరుగురు. పెద్దలు: నేను, వంట చేసే మాలతి మాసి, పదకొండు దాటాక సింహాచలం తల్లి పైడమ్మ. వాన లేదు.

ఆనాటి డైరీ పేజీలో ఉన్నది ఇంతే. మిగతాది ఇప్పుడు రాస్తున్నాను.

ఖరగ్‌పూర్‌లో రైలు పట్టాల పక్కనున్న తెలుగు బస్తీలో పంతొమ్మిదేళ్ళు అంగన్‌వాడీ నడిపాను. మా తాతగారు రైల్వే పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయారు. వర్క్‌షాపు సైరన్‌తో గడియారం సరిచూసుకునే ఇల్లు మాది. పొద్దున్నే ఆ సైరన్ మోగేసరికి మా రేకుల గదిలో, అందరం బెంగాలీలో మాసి, అంటే పిన్ని, అని పిలిచే మాలతి పొయ్యి వెలిగించేది. తడి పుల్లల పొగ, కిచిడీలో ఉడుకుతున్న పసుపు వాసన, సగం తెలుగులో సగం బెంగాలీలో పిల్లల పాట. ఇప్పటికీ ఏ ఇంట్లోంచి కిచిడీ వాసన వచ్చినా నా చేయి హాజరుపట్టీ కోసం వెతుక్కుంటుంది.

నెలకోసారి తూకం. దూలానికి స్ప్రింగ్ బ్యాలెన్స్ వేలాడదీసి, దాని కొక్కేనికి కట్టిన గుడ్డ ఉయ్యాలలో పిల్లను కూర్చోబెట్టేవాళ్ళం. ముల్లు చూపిన బరువును ఆ పిల్ల గ్రోత్ చార్ట్‌లో చుక్కగా పెట్టాలి. చార్టులో వంపు తిరిగిన గీతలుంటాయి. పైనుంచి మూడో గీత కిందికి చుక్క పడితే గ్రేడ్ త్రీ. అంటే పిల్ల బాగా చిక్కిపోయిందని. ఆ పిల్లకు డబుల్ రేషన్: ఒక గరిటె అక్కడే తినాలి, రెండోది గిన్నెలో ఇంటికి పట్టుకెళ్ళవచ్చు. చుక్క గీత దాటి పైకి వచ్చిందా, రెండో గరిటె ఆగిపోతుంది. గీత దాటిన పిల్లను నిలబెట్టి అందరిచేత చప్పట్లు కొట్టించేదాన్ని. అది నా సొంత ఏర్పాటు. నా చార్టుల్లో ఒక్క కొట్టివేత కూడా ఉండదని సూపర్‌వైజర్ దీదీ పదిమందిలో మెచ్చుకునేది. ఆ మెప్పు నాకు ఇష్టంగా ఉండేది.

నాలుగేళ్ళ పాప సింహాచలం చుక్క మాత్రం అయిదు నెలలుగా గీతకు వెంట్రుకవాసి కిందే ఉంది. పిల్ల చూస్తే కిటికీ ఊచలెక్కి గంతులేస్తుంది. బ్యాలెన్స్ మీద అనుమానం వచ్చి, గోల్‌బజార్‌లో తెలిసిన కొట్టతని దగ్గర కిలో రాయి తెచ్చి తూచాను. ముల్లు సరిగ్గానే నిలబడింది.

ఆ సోమవారం సింహాచలాన్ని తూచి, చుక్క పెట్టి తలెత్తేసరికి పిల్ల ఉయ్యాలలో తల వాల్చేసింది. మాసి ఒక్క ఉదుటున ఎత్తుకుంది.

"ఓ మా! దీని పొట్ట వీపుకి అంటుకుపోయింది" అంది బెంగాలీలో.

మొహాన నీళ్ళు చల్లి, బెల్లం నీళ్ళు పట్టాం. పిల్ల కళ్ళు తెరిచి మొదట అడిగిన మాట: "తూకం అయిపోనాదా? తినొచ్చా?"

"ఎప్పుడు తిన్నావమ్మా?"

"నిన్న పొద్దున్న. తూకం ముందు తినకూడదంట, అమ్మ సెప్పింది. రత్నక్క మాత్రం దాసుకుని తిన్నాది. నాను సూసినాను."

పైడమ్మ రైల్వే క్వార్టర్లలో అంట్లు తోముతుంది. మాసి పంపిన కబురందుకుని తడి చేతులతోనే పరుగెత్తుకొచ్చింది. "నువ్వు కన్నతల్లివేనా?" అన్నాను. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ సిగ్గుపడతాను.

"అరవకండి టీచరమ్మా" అంది. "నిరుడు మా రత్నం గీత దాటిన్రోజు గ్యాపకం ఉందేటి మీకు? పిల్లలందరి సేతా తప్పట్లు కొట్టించినారు. నానూ కొట్టినాను, ఎర్రిదాన్ని. మర్నాడు గుంట గిన్నె సాపితే మాసి ఒక్క గరిటే ఏసింది. రెండోది ఏదంటే, నువ్వు పాసైపోనావు అన్నాది."

"అది నియమం పైడమ్మా. పిల్ల బలపడింది కాబట్టి..."

"ఆ రెండో గరిటె తినే కదా బలపడింది! అది తీసేస్తే ఏటవుద్ది? మూడు నెల్లకి మల్లీ పుల్లైపోనాది. ఈలోగా ఆరేళ్ళు నిండినాయని పేరే కొట్టేసినారు. ఇప్పుడు సిన్నది పట్టుకొచ్చిన గరిటె ఇద్దరూ తింటన్నారు. వానల్లో మా ఆయనకి కూలి లేదు. నెలకి ఒక్క రోజు పస్తుంటే నెలంతా రెండు గరిటెలు. సదువుకున్నోరు, ఏది మేలో మీరే సెప్పండి."

పిల్ల తినేశాక పైడమ్మ చంకనెత్తుకుంది. గుమ్మం దగ్గర ఆగి అంది: "సుక్క సెరపకండి. రేపు పెద్ద దీదీ సంతకం పెట్టేస్తే నెల గడిచిపోద్ది."

మర్నాడు సూపర్‌వైజర్ సంతకం చేస్తే ఆ నెల రేషన్ జాబితా ఖాయమైపోతుంది. చుక్క అలాగే ఉంచితే వచ్చే నెలా పిల్ల పస్తుంటుంది. జరిపితే అక్కచెల్లెళ్ళిద్దరి తిండీ పోతుంది. సాయంత్రం గది తాళం వేస్తుంటే ఇంకో ఆలోచన వచ్చింది: ఈ ఉపాయం పైడమ్మ ఒక్కతికేనా తెలిసింది?

మంగళవారం పొద్దున్న, కిచిడీ దించకముందే, ఎవరికీ చెప్పకుండా మళ్ళీ బ్యాలెన్స్ కట్టాను. గ్రేడ్ త్రీ పిల్లల్ని ఏడుగురినీ పరగడుపునే తూచాను. అయిదుగురు రాత్రికి రాత్రే బరువు పెరిగారు. ముగ్గురు గీత దాటారు, సింహాచలంతో సహా. కొత్త బరువులు ఎర్ర పెన్సిల్‌తో పెట్టాను. అందరూ మెచ్చుకున్న నా చార్టుల్లో ఎన్ని చుక్కలు పస్తుల చుక్కలో అప్పుడు తెలిసింది. ఆ తర్వాత పద్నాలుగేళ్ళు, ఏ పిల్ల బరువు రాసినా "నిన్న ఏం తిన్నావు?" అని ముందు అడిగాను.

అంతలో సూపర్‌వైజర్ దీదీ రిక్షా దిగింది. "ఒకే నెలకి రెండు చుక్కలేమిటి? అదీ నీ చార్టులో?"

"నల్లది పస్తుండి తూగింది దీదీ. ఎర్రది తిని పడుకుని లేచాక తూగింది."

ఆమె మొత్తం విని నిట్టూర్చింది. "అయితే ఎర్రదే నిజం. ముగ్గురికి తగ్గించాలి. వచ్చే బియ్యం అంతే కదా. వీళ్ళకిస్తే ఇంకా కిందున్న పిల్లలకి ఎక్కణ్ణుంచి తేను?"

"బలపడగానే గరిటె లాక్కుంటే ఏ తల్లి తన పిల్లని బలపడనిస్తుంది? నియమం రాసినవాళ్ళని ఈ ఒక్క మాట అడగండి దీదీ. జవాబు నాకూ కావాలి."

ఆమె గిన్నెలు పట్టుకుని వరుసలో కూర్చున్న పిల్లల్ని చూసింది. తీసిన కలానికి మళ్ళీ మూత పెట్టింది.

"రెండు చుక్కలున్న చార్టు మీద సంతకం చేసే అధికారం నాకు లేదు. పై ఆఫీసుకి రాస్తాను. జవాబొచ్చేదాకా పాత జాబితానే" అని మాసి వైపు తిరిగింది. "పెట్టు."

సింహాచలం నా చీర కొంగు లాగింది. "నాను గీత దాటినానా?"

"దాటావు."

"మరి తప్పట్లు కొట్టరేటి?"

గుమ్మంలో పైడమ్మ నిలబడి ఉంది. "ముందు రెండో గరిటె వెయ్యి మాసీ" అన్నాను. గిన్నె అంచుదాకా నిండింది. అప్పుడు పిల్లలకు సైగ చేశాను. మిగతా ఇరవై అయిదుగురూ రేకులు అదిరేలా కొట్టారు. పైడమ్మ మాత్రం గిన్నె కూతురి చేతుల్లోకి వచ్చేదాకా ఆగింది. వచ్చాకే కొట్టింది.