ఇంటి నుంచి పనిచేసిన కుక్క

చేతిలో అన్నం ముద్ద పట్టుకుని, తూర్పుకు తిరిగి చెబుతున్నాను: ఇందులో ప్రతి మాటా నిజం. మా ఊరి ఎల్లమ్మ తల్లి మీద ఒట్టు, మా ఆవిడ మీద ఒట్టు. ఎల్లమ్మ క్షమించినా మా ఆవిడ క్షమించదు కాబట్టి రెండో ఒట్టునే ఎక్కువ నమ్మండి. ఇన్ని ఒట్లు ఎందుకంటే, నన్ను ఎరిగినవాళ్లు నేను టైం ఎంతయిందో చెప్పినా ఇంకొకరిని అడిగి సరిచూసుకుంటారు.

నాది కుక్కను తిప్పే ఉద్యోగం. హైటెక్ సిటీలో ఒక పెద్ద ఆఫీసుల సముదాయం గేటు దగ్గర, లోపలికి వచ్చే ప్రతి కారు చుట్టూ ఒక ఆడ లాబ్రడార్‌ను తిప్పుతాను. అది పేలుడు సామాను వాసన పడుతుంది. వాసన తగిలితే మొరగదు, ఎగరదు. ఆ కారు పక్కన మర్యాదగా కూర్చుంటుంది. అంటే దాని ఉద్యోగమంతా కూర్చోవడంలోనే ఉంది. లోపల అద్దాల మేడల్లో వేలమంది చేసేదీ అదే కాబట్టి దాన్ని చిన్నచూపు చూడడానికి వీల్లేదు. పేరు మాత్రం చెప్పను. భద్రతా కారణాలు.

గేటు వెనక, జనరేటర్ల షెడ్డును ఆనుకుని కుక్కలకు రెండు గదులు ఉన్నాయి. ఇనుప జాలీ, సిమెంటు గచ్చు, పైన రేకులు. ఒకటి మా లాబ్రడార్‌ది, రెండోది ఒక మగ జర్మన్ షెపర్డ్‌ది. షెపర్డ్‌ను చూసుకునేది గోదావరి జిల్లా నుంచి వచ్చిన నా ఈడు మనిషి. కుక్కతో మాట్లాడినా ‘అండి’ అంటాడు. మా ఇద్దరి మీదా ఒక ఆఫీసర్. సైన్యంలో చేసి వచ్చాడు. ఆయనది ఒకటే సిద్ధాంతం: పనిచేసే కుక్క బయటే ఉండాలి. ఇంట్లో అడుగుపెట్టిందా, పోపు వాసనకు మరిగి బాంబు వాసన మరిచిపోతుంది.

ఆ సిద్ధాంతం వానలో కొట్టుకుపోయింది. మన నగరంలో ప్రతి ఏడూ పడే కనీవినీ ఎరుగని వర్షం ఆ ఏడు కూడా పడింది. వెనక నాలా పొంగి కుక్కల గదుల్లోకి మోకాలి లోతు నీళ్లు వచ్చాయి. ఆఫీసర్ తాత్కాలికంగా కుక్కలను మీ దగ్గర పెట్టుకోండి అన్నాడు. గోదావరి మనిషి ఉండేది మదీనాగూడలో ఒక హాస్టల్లో, గదికి నలుగురు. ఆయన షెపర్డ్‌ను పార్కింగ్ పై అంతస్తులో కట్టేసి, నీళ్లు తగ్గగానే మళ్లీ గదిలోకి తెచ్చేశాడు. నా గది గచ్చు పగిలింది, బాగుచేయాలి. అందుకని నా కుక్క తాత్కాలికంగా మా ఇంట్లో ఉండిపోయింది. ఈ నగరంలో తాత్కాలికం అంటే ఎంత కాలమో మా దారిలో ఉన్న ట్రాఫిక్ మళ్లింపు బోర్డును అడగండి. దాని మీద ఇప్పుడు పిచ్చుక గూడు కూడా ఉంది.

మాది నల్లగండ్లలో కిరాయి ఇల్లు, రెండో అంతస్తు. ఓనర్ కింద ఉంటాడు. మొదటి రోజే గేటుకు అడ్డం నిలబడ్డాడు.

“గిదేంది భై? కిరాయికిచ్చేటప్పుడే చెప్పిన. కుక్కలు బంద్ అని.”

“కుక్క అనకు సాబ్. స్టాఫ్. డ్యూటీ మీదున్నది.”

సరిగ్గా ఆ మాటకు లాబ్రడార్ వెళ్లి ఆయన స్కూటర్ పక్కన కూర్చుంది. పాపం, అలసిపోయి కూర్చుంది. కానీ అది కూర్చుంటే అర్థమేమిటో నేను ఓనర్‌కు వివరంగా చెప్పాను. ఆయన స్కూటర్‌ను, కుక్కను, నన్ను మార్చి మార్చి చూశాడు.

“జర దాన్ని పైకి తీస్కపో భై,” అన్నాడు మెల్లగా.

మళ్లీ దాని గురించి నోరెత్తలేదు. స్కూటర్‌ను మాత్రం నెల తిరక్కుండా అమ్మేశాడు.

మా ఆవిడ కోకాపేటలో ఒక టవర్‌లో హౌస్‌కీపింగ్ చేస్తుంది. ఆమెది మధ్యాహ్నం షిఫ్టు, నాది పొద్దున షిఫ్టు. తలుపు దగ్గర తాళంచెవి చేతులు మార్చుకునే భార్యాభర్తలం. రాత్రి ఆమె వచ్చాక మాట్లాడుకునేవి కూడా గ్యాస్ అయిపోయింది, నల్లా రాలేదు, ఇలాంటివే. అలాంటి ఇంట్లోకి ఆమె లేనప్పుడు కుక్కను తెచ్చాను. ఆమె వచ్చి చూసి చెప్పులు కూడా విప్పలేదు.

“గిదేంది?”

“రెండు దినాలే. ఆడ నీళ్లొచ్చినయ్.”

“రెండు దినాలకు నా దుప్పటి ఎందుకేసినవ్? నీ దుప్పటి లేదా?”

“అడిగిన. నీదే కావాల్నంటున్నది.”

వారం తిరిగేసరికి ఆమె మాట మారింది. “నయం, నీ లెక్క గుర్రు పెట్టదు,” అంది. అంతటితో ఆగలేదు. రాత్రి కంచం ముందు కూర్చుని టవర్‌లో ఆ రోజు ఏం జరిగిందో కుక్కకు చెప్పడం మొదలుపెట్టింది. పదో అంతస్తు మేడమ్ ఏమంది, లిఫ్టులో ఎవరు ఏడ్చారు, సూపర్‌వైజర్ ఎవరిని ఎలా తిట్టాడు, తను ఎలా ఎదురు చెప్పింది. కుక్క తల పక్కకు వంచి వినేది. నేను పక్కన కూర్చుని వినేవాణ్ణి. ఆ విధంగా నా భార్య సంగతులు చాలా ఏళ్ల తర్వాత నా చెవిన పడ్డాయి. ఒకోసారి నేను మధ్యలో ఒక ప్రశ్న అడిగేవాణ్ణి. ఆమె జవాబు కుక్కకే చెప్పేది, అయినా జవాబు జవాబే.

ఇలా ఉండగా గచ్చు బాగైంది. అప్పుడే లోపలి కంపెనీలు కూడా ఇళ్లలో ఉండి పనిచేస్తున్న ఇంజినీర్లను ఇక ఆఫీసుకు రమ్మంటున్నాయి. ఆ గాలి గేటు దాకా తగిలింది.

“ఏమయ్యా, గది రెడీ. రేపట్నుంచి కుక్కను ఇక్కడే వదిలెయ్,” అన్నాడు ఆఫీసర్.

“సార్, ఇంటికాడ మంచిగ పనిచేస్తున్నది సార్.”

“ఇంటి దగ్గర ఏం పని చేస్తుందయ్యా?”

“పండుకుంటది సార్. మంచిగ పండుకుంటేనే పొద్దుగాల ముక్కు నడుస్తది. లోపల ఇంజినీర్లు గూడ గదే అంటున్నరు.”

“వాళ్లంటేనే ఎవరూ వినట్లేదు. నువ్వంటే వింటారా?”

అయినా మనిషి న్యాయం తప్పేవాడు కాదు. ఒక నెల గడువిచ్చాడు. షెపర్డ్ బయట, లాబ్రడార్ ఇంట్లో. పని చూస్తాను, హాజరు చూస్తాను, నీది ఎక్కడ తగ్గినా జాలీ వెనక్కే అన్నాడు. ఆ మాట ఇంట్లో చెప్పాను. మా ఆవిడ కంచం పక్కకు జరిపింది. కుక్క కింద దుప్పటి సర్దింది.

“ఆయన దేనికి భయపడుతున్నడు?” అంది.

“పోపుకు.”

మర్నాటి నుంచి మా ఇంట్లో పోపు బంద్. నెల రోజులూ ఆవాలు చిటపటమన్న పాపాన పోలేదు. పప్పు ఉడికితే ఉడికినట్టే కంచంలోకి వచ్చేది. ఇంగువ డబ్బాను పక్కింటావిడ దగ్గర దాచింది. నేను నోరు విప్పబోతే, “నీ నాలుక కోసం దాని ముక్కు పోగొట్టాల్నా?” అంది. పెళ్లయిన కొత్తలో నా తల్లి అడిగినా ఒక మిరపకాయ తగ్గించని మనిషి.

ఇక హాజరు సంగతి. సరిగ్గా ఆ నెలలోనే మా దగ్గర కొత్త హాజరు పద్ధతి వచ్చింది. గేటు దాటే ప్రతి ఒక్కరూ కార్డు గీకాలి. కుక్కలు కూడా సిబ్బందే అన్నారు. కార్డుల కౌంటర్‌కు తీసుకెళ్లాను. అక్కడి మేడమ్ తలెత్తకుండా అడిగింది.

“బ్లడ్ గ్రూపు?”

“లాబ్రడార్ మేడమ్.”

ఆమె అదే టైపు చేసుకుంది. అత్యవసరమైతే ఎవరికి ఫోన్ చేయాలంటే మా ఆవిడ నంబరిచ్చాను. కార్డు వచ్చాక చూస్తే నీలం రంగు. కుక్క కంపెనీ సొంతం, కాబట్టి పర్మనెంటు. నేను ఏజెన్సీ మనిషిని, నాది పసుపు. నీలం కార్డుతో ఏసీ క్యాంటీన్ తలుపు తెరుచుకుంటుంది. ఆ నెలంతా నేను దాని వెనకే లోపలికి వెళ్లి చల్లగా కూర్చున్నాను. ఎవరైనా అడిగితే దానికి తోడొచ్చానని చెప్పేవాణ్ణి.

నెల ఆఖరున ఆఫీసర్ ముందుగా పని పరీక్ష పెట్టాడు. వరుసగా నిలిపిన కార్లలో ఒకదాంట్లో శిక్షణకు వాడే పేలుడు మందు డబ్బా దాచాడు. షెపర్డ్ వెళ్లి కూర్చుంది. కారు మార్చి దాచాడు. లాబ్రడార్ వెళ్లి కూర్చుంది. ఎన్నిసార్లు మార్చినా రెండూ సరిగ్గానే కూర్చున్నాయి. ముక్కుల్లో తేడా లేదని తేలింది. ఇక మిగిలింది హాజరు.

ఆఫీసర్ కంప్యూటర్ తెర మీద నివేదిక తెరిచాడు. మా లాబ్రడార్ రోజూ పొద్దున ఇంటి నుంచి నా బండి మీద వస్తుంది, గేటులో కార్డు గీకుతాను, పోయేటప్పుడు మళ్లీ గీకుతాను. ఒక్క రోజు తప్పలేదు. తెర మీద దాని పేరు పక్కన అంతా పచ్చగా ఉంది. షెపర్డ్ మొదటి రోజు కార్డు గీకి లోపలికి వచ్చింది. ఆ తర్వాత బయటకు పోతే కదా మళ్లీ రావడానికి. దాని పేరు పక్కన నెలంతా ఎరుపు. కింద ఒక మాట: చెప్పాపెట్టకుండా విధులకు రావడం లేదు.

గోదావరి మనిషి ఫోన్ తీసి చూపించాడు. “నాకు మూడు మెయిళ్లొచ్చాయండి సంజాయిషీ ఇమ్మని. వీడికి చదివి వినిపించానండి. ఏం చెప్తాడండి, వీడు గేటు దాటి ఎక్కడికైనా వెళ్తే కదండి.”

“గోడకు కట్టేసినా గైర్హాజరేనా?” అన్నాడు ఆఫీసర్ తెరతో.

“అందుకే చెప్తున్న సార్,” అన్నాను నేను, “ఇంటికి పోయేటోడే పనికొచ్చినట్టు లెక్క.”

ఆఫీసర్ కుర్చీలో వెనక్కు వాలాడు. సైన్యం నేర్పిన మనిషి, తెర మీద ఉన్నదాన్ని కాదనలేడు. అప్పటికప్పుడు ఉత్తర్వు వేశాడు: పనిచేసే కుక్కలు ఇళ్లలోనే ఉండాలి, రోజూ రావాలి, పోవాలి. లాబ్రడార్‌కు ఉత్తమ హాజరు బహుమతి ఇచ్చారు. పెద్ద హాల్లో కేకు కోశారు. పై అంతస్తుల నుంచి ఒక పెద్దమనిషి దిగివచ్చి దాని ముందరి కాలు పట్టుకుని ఊపాడు. అది ఆయన పక్కన మర్యాదగా కూర్చుంది. హాలు ఒక్క నిమిషంలో ఖాళీ అయింది.

ఇక్కడ ఆపితే బాగుండేది. కానీ ఒప్పుకోవాల్సింది ఒకటుంది. ఆఫీసర్ కుర్చీలో వెనక్కు వాలాడు అన్నదాకా నిజం. ఆ తర్వాతది నేను అల్లాను. నీలం కార్డు, ఎరుపు నివేదిక, బంద్ అయిన పోపు, ఇవేవీ అల్లినవి కావు. అవి అల్లగలిగే తెలివి నాకుంటే ఏ పైఅంతస్తులోనో ఉండేవాణ్ణి.

నిజానికి ఆయన వెనక్కు వాలి, “సిస్టమ్ తప్పు. నేను కరెక్ట్,” అన్నాడు. ఒక ఫోన్ కొట్టి, గదుల్లో ఉండే కుక్కలు ఎప్పుడూ హాజరే అని మార్పించాడు. ముక్కూ హాజరూ సమానమయ్యాక ఆయన పాత సిద్ధాంతమే గెలిచింది. మర్నాడు డ్యూటీ అయ్యాక లాబ్రడార్‌ను జాలీ వెనక వదిలాను. అరుస్తుందని, నా కాళ్లకు చుట్టుకుంటుందని మనసు గట్టిచేసుకుని ఉన్నాను. అది లోపలికి వెళ్లింది, ఒక చుట్టు తిరిగింది, పడుకుంది. పక్కన జనరేటర్ మోగుతుంటే నిద్రపోయింది. నేను ఇంకా అక్కడే నిలబడి ఉన్నానని చూడను కూడా లేదు.

ఇంటికొచ్చాక మా ఆవిడ అడిగింది.

“ఏడ్చిందా?”

“మస్తు ఏడ్చింది. జాలీ గోకింది. నీ దుప్పటి అడిగింది.”

ఆమె కొంగుతో ముక్కు తుడుచుకుంది. మొహంలో మాత్రం కాస్త తృప్తి కనిపించింది. మర్నాటి నుంచి నా టిఫిన్ డబ్బాలో దానికని ఒక ఉడికించిన గుడ్డు పెడుతోంది. గదుల్లో ఉండే కుక్కలకు బయటి తిండి పెట్టకూడదని రూలు. నేను రూలు తప్పను. అందుకని గుడ్డు నేనే తింటున్నాను. రాత్రి ఆమె వచ్చేసరికి కుక్క ఆ గుడ్డును ఎలా తిన్నదీ, తింటూ ఏ వైపు చూసిందీ, షెపర్డ్ ఎలా కుళ్లుకున్నదీ కొత్తగా చెప్పాలి. చెబుతున్నాను. ఆమె కంచం ముందు కూర్చుని వింటుంది. మధ్యలో ప్రశ్నలు వేస్తుంది, ఈ మధ్య జవాబుగా తన టవర్ సంగతులు కూడా చెబుతోంది, నేరుగా నాకే.

నిన్న రాత్రి గిన్నెలు సర్దుతూ, నవ్వకుండా అడిగింది. “గుడ్డు మీద మిరియాల పొడి చల్లమంటదా, వద్దంటదా?”

కనుక్కుని చెప్తానన్నాను.