మిరప కల్లంలో ఆయన పాట

ఆ కబురు ముందుగా తెచ్చింది మా తోటికోడలు. నేను మిరప కల్లంలో కాయలు ఆరబోయడానికి పట్టాలు పరుస్తున్నాను.

"అక్కా, శివుడి పాటలాయన పోయాడంట. హైదరాబాదులో ఏదో లాడ్జీలో. టీవీ నిండా అదే. ఇద్దరు ఆడోళ్లు శవం నాదంటే నాదని కొట్టుకుంటన్నారు."

బడికి వెళ్లని నాకు మా నాన్న అక్షరాలు నేర్పితే, స్తోత్రాలు నేర్పింది ఆ పాటలాయన గొంతు. అందుకు ఈనాటికీ దణ్ణం పెట్టుకుంటాను. మా కల్లంలో రంగు పోయిన తాలుకాయలు ఏరే ఆడవాళ్లు కూడా పొద్దున్నే ఫోనులో ఆయన పాట ఒకటి విన్నాకే పనిలో కూర్చుంటారు. వాళ్లలో ఆయన కట్టుకున్న ఇల్లాలూ ఉంది. పేరు రాకముందు పెళ్లాడి, వచ్చాక వదిలేశాడు. పాట ఆపమని ఆమె ఒక్కనాడూ అనలేదు.

ఆ రోజూ పనికి వచ్చింది.

"ఇంటి ముందు కెమెరాలు పెట్టుకు కూర్చున్నారమ్మగారూ. నా ఏడుపు టీవీలో పడకుండా ఉంటే చాలు" అంటూ ముక్కూ మూతీ కప్పేలా గుడ్డ కట్టుకుంది. ఘాటుకి అందరం అలాగే కట్టుకుంటాం. కళ్లు తప్ప ఏమీ కనపడవు. ఆ పొద్దు పాట పెట్టడానికి మాత్రం ఎవరికీ చెయ్యి రాలేదు.

మధ్యాహ్నానికి మైకు పట్టుకుని ఒకతను కల్లంలోకే వచ్చాడు.

"ఆయన మొదటి భార్య ఇక్కడే పని చేస్తారంట కదా. ఎవరండీ?"

వరసలో పెద్దావిడ అందుకుంది. "మా మొగుళ్లు టీవీకెక్కేంత గొప్పోళ్లు కాదయ్యా. కాయలు తొక్కమాక, అవతలికి జరుగు."

"మరి ఆవిడెందుకు ఏడుస్తోంది?" అంటూ అతను ఆమె వైపే మైకు చాపాడు.

"అందరం ఏడుస్తానే ఉన్నాం, చూడు. ఇంకాసేపు నిలబడితే నువ్వూ ఏడుస్తావు."

అప్పటికే అతనికి దగ్గు ఆగడం లేదు. కళ్లు నులుముకుంటూ కారెక్కాడు. అమరేశ్వరుడికి మనసులోనే మొక్కుకున్నాను. మిరప ఘాటుకి కూడా మొక్కాలనిపించింది. ఒకరి కాపురం గురించి ఊరంతా మాట్లాడుతుంటే వినీ వినీ ప్రాణం విసిగిపోయి ఉంది.

కాసేపటికి ఆమే అంది. "పొద్దున పాట పెట్టలేదు. చేతులు సాగట్లేదమ్మగారూ."

పెట్టాను. పాట అయిపోయేదాకా ఆమె చెయ్యి కాయల రాశి మీద కదలకుండా ఉండిపోయింది. తర్వాత మళ్లీ ఏరడం మొదలుపెట్టింది.

ఎక్కడైనా గుడి మైకులో శివుడి పాట మీ చెవిన పడితే, పాడినాయన గురించి విన్నవన్నీ పక్కనపెట్టి, మూతికి గుడ్డ కట్టుకుని మిరపకాయలు ఏరే ఆ ఇల్లాలిని ఒక్కసారి తలుచుకోండి.