మిడతకు తెచ్చిన గుండు టైర్లు

ఆ రోజుల్లో నాకు అక్షరం ముక్క రాదు. ఈ సంగతి రాయడానికి ఇన్నేళ్ళు పట్టింది అందుకే. ఎవరితోనైనా రాయించి ఉండొచ్చు కదా అంటారేమో. చెప్పాల్సింది నా తెలివితక్కువతనం గురించి. ఇంకొకరికి చెప్పి రాయిస్తే వాళ్ళు కలం కింద పెట్టి ముందు నవ్వుతారు, తర్వాత వాళ్ళకు తోచింది రాస్తారు. అరవై దాటాక కోడలి పక్కన కూర్చుని, పత్తి ఏరినంత ఓపికగా ఒక్కొక్క అక్షరమే ఏరుకున్నాను. ఇప్పుడు నా నవ్వు నేనే నవ్వుకోగలను.

డెబ్బైల చివర, మా పెళ్ళయిన రెండో ఏడు. ఎమ్మిగనూరులో కాపురం. మా ఆయన ఒక షెడ్డులో మోటారు మేస్త్రీ. నూనె మిల్లువాళ్ళ చిన్నసావుకారుకు కార్ల పిచ్చి. మద్రాసులో పందేలు చూసి వచ్చి, అలాంటి బండి తనకూ కావాలని ఒక పాత చిన్నకారును మా ఆయనకు అప్పజెప్పాడు. మా ఆయన దాని కప్పు తీసేశాడు, తలుపులు తీసేశాడు, బరువైన రేకంతా విప్పి అల్యూమినియం రేకు కొట్టాడు. అందులో ఇద్దరే కూర్చోవచ్చు. నలుగురు వంగి పడితే లేచేది. వీధిలో అందరూ దాన్ని మిడత అనేవాళ్ళు. (అంత ఉన్న మనిషి గోడ దూకినట్టు కార్లోకి దూకడం ఎందుకో నాకు అర్థమయ్యేది కాదు.) "పందెం టైర్లు తెచ్చి బిగించప్పా మేస్త్రీ. బండి నా మనసుకొచ్చిందంటే కొత్త షెడ్డు పెట్టించి నీ చేతికిస్తా" అన్నాడు చిన్నసావుకారు. పన్నెండేళ్ళుగా ఒకరి కింద స్పానరు పట్టిన మా ఆయన, ఆ మాట అన్నం తింటూ నాకు మూడుసార్లు చెప్పాడు.

ఆదోనిలో పాత టైర్లమ్మే తాత ఒకాయన ఉండేవాడు. పందెం కార్లకు వాడి తీసేసిన టైర్లు నాలుగు మద్రాసు నుంచి ఆయన దగ్గరికి వచ్చాయని తెలిసింది. "టైర్లు సూసుకోని ఆణ్ణుంచి మంత్రాలయం పోదాం" అని నన్నూ బయల్దేరదీశాడు మా ఆయన. పట్టుచీర కట్టుకుని పోయి టైర్ల అంగట్లో నిలబడ్డాను. తాత టైర్లు దొర్లించుకొచ్చాడు.

"ఇదేంది తాతా, ఒక్క గీతన్నా లేదే! గుండు కొట్టించినట్టుండాయి."

"గుండుతోనే పుట్టినాయి బేటీ. పందెం కార్ల టైర్లకు ఆ గీతలు, గాళ్ళు ఉండవు. నేలనంతా కరిచి పట్టుకుంటాయి. నొక్కి సూడు, ఎంత మెత్తగుండాయో."

నొక్కాను. గోరు దిగింది. "మెత్తగుండాయంటే కుళ్ళిపోయినాయి" అన్నాను. (వంకాయల బేరంలో నేర్చిన విద్య.)

తాత పడీపడీ నవ్వాడు. "ఏమప్పా మేస్త్రీ, ఈయమ్మను రేపట్నుంచి మా అంగడికి పంపియ్యి!"

మా ఆయన చెవులు ఎర్రబడ్డాయి. "నీకు తెల్దు, ఊరుకుండవే. తాత అబద్ధం సెప్పడు."

నా భయమల్లా అదే. ఈ లోకంలో ఎవరూ అబద్ధం చెప్పరని మా ఆయన నమ్మకం, ఎందుకంటే ఆయనకు చెప్పడం రాదు. టైర్లు కొన్నాం. నాలుగు టైర్లు వేసుకుని మంత్రాలయం ఏం పోతాం? ఎమ్మిగనూరు బస్సు మీద ఆ టైర్ల కింద నా మంత్రాలయం నలిగిపోయింది.

మరునాడు ఆయన షెడ్డుకు పోయాడు. టైర్లు మా ఇంటి ముందే ఉన్నాయి, మధ్యాహ్నం తోపుడుబండి తెచ్చి తీసుకుపోతానన్నాడు. నేను వాటి ముందు కూర్చుని ఆలోచించాను. ఈ గుండ్లను చూస్తే చిన్నసావుకారు ఊరుకుంటాడా? షెడ్డు సంగతి దేవుడెరుగు, ఉన్న పనీ పోతుంది. అరిగిన లారీ టైర్లకు కత్తితో మళ్ళీ గాళ్ళు కోయడం నేను చూశాను. వీధి చివర టైరు చెప్పులు కుట్టే అన్నను పిలుచుకొచ్చాను.

"ఈ రబ్బరు చెప్పులకు గూడా పనికిరాదు చెల్లీ, జిగురుగుంది."

"చెప్పులకు కాదన్నా. గాళ్ళు కొయ్యి. కొత్తవాటి మాదిరి కనపడల్ల."

"ఎట్ల కొయ్యల్ల? ఏదన్నా గీసియ్యి."

నాకు గీయడం వచ్చింది ఒక్కటే. తడి ముగ్గుపిండిలో వేలు ముంచి, నాలుగు టైర్లకూ చుట్టూతా మా వాకిట్లో వేసే మెలికల ముగ్గు వేశాను. అన్న కత్తిని నీళ్ళలో ముంచి ముంచి దాని వెంబడే కోసుకుంటూ పోయాడు. అన్న పోయాక చూసుకుని ఎంత మురిసిపోయానో!

అప్పుడే సన్నగా తుంపర మొదలైంది. బండితో వచ్చిన మా ఆయన టైర్లు చూసి గడప మీద కూలబడ్డాడు. తిట్టలేదు. "ఇవి నున్నగుండేదానికే కదనే అంత దూరం పోయింది" అన్నాడు మెల్లగా. అప్పటికి గానీ నాకు అర్థం కాలేదు. ఏడుపు ఆగలేదు. ఆయన లేచి టైర్లు బండికెత్తాడు. "నువ్వు సేసినట్టు ఎవురికీ సెప్పద్దు" అని వానలోనే పోయాడు.

సాయంత్రం దాకా పొయ్యి వెలిగించలేదు. మా ఊరికి మూట కట్టుకోవాలా, ఆయన వచ్చేదాకా ఆగాలా అని కూర్చున్నాను. ఇంతలో వాకిట్లో మిడత చప్పుడు. చిన్నసావుకారు నెత్తి నుంచి కాళ్ళ దాకా బురద. పక్కన మా ఆయన.

"ఏమ్మా, మీ ఆయన తెలివి సూసినావా? వానకని టైర్లకు గాళ్ళు కోసినాడు! లారీ అడ్డమొస్తే బ్రేకు కొట్టినా, జానెడన్నా జారలేదు. మద్రాసులో గూడా వానొస్తే ఇట్లనే కోస్తారంట, ఈయప్పే సెప్పినాడు. అది సరే మేస్త్రీ, ఈ గీతలేంది ముగ్గు మాదిరి?"

"చేతికొచ్చినట్టు గీసినా సామీ" అన్నాడు మా ఆయన నేల చూస్తూ.

కారు పోయాక అడిగాను, "నిజంగా అట్ల కోస్తారా?"

"నాకేం తెల్సు? భయానికి నోటికొచ్చింది సెప్పినా."

షెడ్డు మా చేతికొచ్చింది. ఎండలు తిరిగొచ్చాక ఆ టైర్లు నా మెలికల దగ్గరే పెచ్చులూడాయి, అది వేరే సంగతి. వానకు నిజంగానే అలా కోస్తారని ఎన్నో ఏళ్ళ తర్వాత తెలిసింది. ఆ ఒక్క అబద్ధమూ చివరికి నిజమే అయింది ఆయనకు. ఆయన ఉన్నన్నాళ్ళూ ఈ మాట గడప దాటలేదు. నా అక్షరాలు ఇప్పటికీ మెలికల ముగ్గులాగే ఉంటాయని కోడలు అంటుంది. ఆ టైర్ల ముందు ముగ్గుపిండి గిన్నెతో కూర్చున్న ఆ పిల్ల మీద నాకు కోపం రాదు.

చిన్నసావుకారు వచ్చిపోయిన మరునాడు పొద్దున చీపురు, కల్లాపి నీళ్ళు తీసుకుని వాకిట్లోకి వచ్చాను. మిడత వచ్చి తిరిగి పోయిన దారంతా తడి మట్టిలో రెండు వరసలుగా నా ముగ్గు అచ్చుపడి ఉంది, మా గడప దగ్గర్నుంచి వీధి మలుపు దాకా. చీపురు గోడకు ఆనించాను. ఆ రోజు నేను వాకిలి ఊడ్వలేదు, ముగ్గూ వేయలేదు.